రాక్షసి బొగ్గు, నల్లరాయి, నా ఫెర్న్ ముక్క

మా స్కూలు ల్యాబ్‌లో మూడో అరలో, ఫార్మలిన్ సీసాల పక్కన, అరచేయంత బూడిదరంగు నాపరాయి ముక్క ఒకటి ఉంటుంది. దాని మీద నల్లగా, సన్నగా, రెమ్మలు విప్పుకున్న మొక్క. వెనక నా చేతిరాతతో అంటించిన అట్టముక్క: ‘ఫెర్న్ శిలాజం – పల్నాడు’. 2008లో గుంటూరులో ఇల్లు కట్టుకునేటప్పుడు గచ్చుకి తెప్పించిన రాళ్లలో దొరికింది. అప్పటినుంచి ఏటా పదో తరగతికి పరిణామం పాఠం చెప్పేటప్పుడు దాన్ని బెంచీ బెంచీకీ తిప్పడం, "జాగ్రత్త, పగలగొట్టారంటే కోట్ల ఏళ్లు వెనక్కి రావు" అని పిల్లల్ని బెదిరించడం నాకు అలవాటైపోయింది.

డిసెంబరులో మా తమ్ముడి కూతురు సిరి ఇంటికొచ్చింది. విజయవాడ హాస్టల్లో ఉండి బీఎస్సీ చదువుతోంది. "అత్తా, ఈ రాయి కాక ఇంకే శిలాజమన్నా చూశావా? అద్దాల పెట్టెలో కాదు, నేలలో ఉన్నది" అనడిగింది. ఇరవై నాలుగేళ్ల సర్వీసు నాది. పాకే జంతువుకీ పక్షికీ మధ్యదైన ఆర్కియాప్టెరిక్స్ బొమ్మ కళ్లు మూసుకుని బోర్డు మీద వేస్తాను. నేలలో ఉన్న శిలాజం మాత్రం ఒక్కటీ చూడలేదు.

అలా మొదలైంది ఈ తిరుగుడు. సంక్రాంతి సెలవులు ఇవ్వగానే మూడు రోజులు, మా తమ్ముడి పాత కారు. వాడు మిర్చి యార్డులో గుమస్తా, యార్డుకీ పండగ సెలవులే. మా అత్తగారు ఒకటే షరతు పెట్టారు: "ఎక్కడ తిరుగుతారో తిరగండి, భోగి తెల్లారేసరికి వాకిట్లో ఉండాలి." ఫెర్న్ ముక్కని పాత తువ్వాలులో చుట్టి వెంట తీసుకెళ్లాను. రాజమండ్రిలో మా బాబాయిగారు ఉన్నారు. చమురు బావుల దగ్గర సూక్ష్మశిలాజాలు చూసే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఆయనకి చూపించి మెప్పు పొందాలని నా ఉద్దేశం. దాచుకోవడం ఎందుకు.

మొదటి రోజు: గుంటూరు, పిడుగురాళ్ల, అమరావతి

సత్తెనపల్లి దాటాక పత్తి చేలు పలచబడి, ముందు గాలి రంగు మారింది. పిడుగురాళ్ల వచ్చేసిందని చెట్లే చెప్తాయి. వేపాకు మీద, తుమ్మాకు మీద, టీ కొట్టు రేకు మీద తెల్లటి పొర. సున్నపు బట్టీల ఊరు. రాయి, బొగ్గు వరసలు వరసలుగా పోసి కాలుస్తారు. ఇక్కడి సున్నం పడని వెల్లగోడ మా వైపు ఉంటుందా అని నా అనుమానం.

తరగతిలో నేను చెప్పేది ఇది: సున్నపురాయి అంటే పాతకాలపు సముద్రంలో గవ్వలు, నత్తగుల్లలు, పగడాలు పేరుకుని గట్టిపడినది. అందుకని బట్టీ దగ్గర పోసిన రాళ్ల గుట్ట ఎక్కి గవ్వల కోసం వెతికాం. గంటసేపు. ఒక్కటి లేదు. తళతళలాడే సన్నటి పొరలు తప్ప ఏమీ లేదు. బట్టీ పనివాళ్లు మా వంక జాలిగా చూసి మంచినీళ్లిచ్చారు.

లేకపోవడానికి కారణం నాకు తెలియనిది కాదు, ఎప్పుడూ అక్కడ నిలబడి ఆలోచించలేదంతే. పల్నాటి సున్నపురాయి గవ్వలున్న జీవులు పుట్టకముందటిది. గట్టి గుల్లలూ పెంకులూ ఉన్న జంతువులు రాళ్లలో గుంపులుగా కనబడటం మొదలైంది దాదాపు 54 కోట్ల ఏళ్ల కిందట, కేంబ్రియన్ అనే కాలంలో. ఈ రాయి అంతకన్నా పాతది. అప్పటి సముద్రాల్లో బతుకంతా కంటికి ఆనని సూక్ష్మజీవులది, నాచు జిగురులది. కడప వైపు ఇంకా పాత రాళ్లలో అవి పొర మీద పొర కట్టిన స్ట్రోమటోలైట్లు కనిపిస్తాయి, కోసిన క్యాబేజీలా ఉంటాయి. మేం చూసిన గుట్టలో అవి కూడా లేవు.

డార్విన్‌కి నిద్ర పట్టనివ్వని సంగతి సరిగ్గా ఇదే. 1859లో పుస్తకం వేసినప్పుడు, కేంబ్రియన్‌కి కింద ఉన్న రాళ్లన్నీ ఖాళీగా ఎందుకున్నాయో తన దగ్గర తృప్తికరమైన జవాబు లేదని ఆయనే ఒప్పుకున్నాడు. జీవులు మెల్లమెల్లగా మారుతూ వచ్చాయంటే వాటి పూర్వీకులు ఆ రాళ్లలో ఉండాలి కదా. జవాబు రావడానికి వందేళ్లు పట్టింది. 1950లలో సూక్ష్మదర్శిని కింద కెనడా రాళ్లలో దాదాపు 190 కోట్ల ఏళ్ల నాటి సూక్ష్మజీవులు బయటపడ్డాయి. రాళ్లు ఖాళీ కాదు, చూసే కన్ను పెద్దదైపోయింది, అంతే.

దాచేపల్లి వైపు ఒక నాపరాళ్ల డిపో దగ్గర ఆగాం. అక్కడ నా ప్రాణం లేచొచ్చింది. నిలబెట్టిన పలకల మీద ఒకటి కాదు, రెండు కాదు, అడవికి అడవి. ల్యాబ్‌లో నా ముక్క మీద ఉన్నలాంటి మొక్కలే.

"చెట్టుబొమ్మ రాయి కావాలామ్మా? ఏరిపెడతా. పూజగదికి తీసుకెళ్తుంటారు" అన్నాడు డిపో ఆయన.

"చూశావా!" అన్నాను సిరితో.

సిరి ఒక్కో పలకా వంగి చూస్తోంది. "అత్తా, ఇవన్నీ పగులు అంచునుంచే మొలిచాయి. ఒక్కటి కూడా పలక మధ్యలో రాలిపడి లేదు. ఆకు రాలితే ఎక్కడపడితే అక్కడ పడాలి కదా?" తర్వాత మెల్లిగా అడిగింది. "ఈ రాయి వయసెంతన్నావు?"

"54 కోట్ల ఏళ్ల పైమాటే."

"ఫెర్న్‌లు ఎప్పుడొచ్చాయి?"

"దాదాపు 38 కోట్ల..." అని ఆగిపోయాను.

రెండు అంకెలూ నాకు ఎప్పటినుంచో కంఠతా వచ్చు. ఒకటి ఒక పాఠంలోది, రెండోది ఇంకో పాఠంలోది. పక్కపక్కన పెట్టి చూసిన పాపాన పోలేదు.

మా తమ్ముడు కారుకి ఆనుకుని పల్లీలు తింటున్నాడు. "అంటే ఏంటక్కా, తాత పుట్టకముందే మనవడికి బారసాల చేశారా?"

వాడికి బదులు చెప్పకుండా కారెక్కాను.

తిరుగుదారిలో అమరావతి మ్యూజియంలో దిగాం. మూసే వేళకి ఇంకా గంట ఉంది. స్తూపం పలకలు పల్నాటి సున్నపురాయివే, మేం పొద్దున గుట్టలెక్కి తవ్విన కుటుంబంలోవే. లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న ఆ రాతిలో ఏనుగులు, సింహాలు, తామరతూళ్లు నమిలే మకరాలు. రాయి పుట్టిన రోజుల్లో నేల మీద ఒక్క జంతువూ లేదు. రెండువేల ఏళ్ల కిందటి మన శిల్పులు ఉలి పట్టుకుని అన్నింటినీ అందులోకి తోలారు. నాకు ఈ ముక్క భలే నచ్చింది, సిరికి కూడా చెప్పాను. అది మాత్రం నా చేతిసంచిలో తువ్వాలు చుట్టిన మూట వైపే చూస్తోంది.

రెండో రోజు: విజయవాడ, ఇబ్రహీంపట్నం

ఇంద్రకీలాద్రి మీద క్యూ గురించి రాయను, మీకు తెలియనిది లేదు. దర్శనమయ్యాక కిందికి దిగేదారిలో కొండని తొలిచిన చోట సిరి ఆగి రాయిని చూపించింది. గోధుమరంగు రాతిలో ఎర్రటి గింజలు, దానిమ్మ గింజలు తొక్కినట్టు. అవి గార్నెట్లు. తూర్పు కనుమల కొండరాయిది ఖోండలైట్ అనే జాతి, ఒడిశాలోని ఖోండు గిరిజనుల పేరు మీద పెట్టిన పేరు. ఒకప్పుడు మట్టీ ఇసుకా పేరుకున్న పొరలే భూమి లోతుల్లోకి దిగి, వందల డిగ్రీల వేడిలో ఉడికి ఇలా అయ్యాయి. అందులో ఏ ప్రాణి గుర్తున్నా మిగలదు. విజయవాడ కొండల్లో శిలాజాలు వెతకడం, చితాభస్మంలో చేతిరాత వెతకడం లాంటిది.

భవానీపురంలో మా తమ్ముడి అత్తగారిల్లు. భోజనానికి ఆగుతాం అని చెప్పి తప్పు చేశాం. అల్లుడొచ్చాడంటే అరిసెలు, గారెలు, నాటుకోడి, ఆ తర్వాత పెరుగు, ఆ తర్వాత కునుకు. మేం ఇబ్రహీంపట్నం చేరేసరికి నాలుగైంది.

అక్కడ నార్ల తాతారావు థర్మల్ స్టేషన్ చిమ్నీలు దూరం నుంచే కనబడతాయి. నేను అక్కడికి వెళ్దామన్నది చిమ్నీల కోసం కాదు, వాటి కింద మండే దానికోసం. సింగరేణి నుంచి, ఒడిశా తాల్చేరు నుంచి వచ్చే రాక్షసి బొగ్గు. ఎంత చక్కటి మాట! కర్రబొగ్గు మనిషి చేసింది, ఇది రాక్షసులు చేసి పాతిపెట్టింది అనుకుని ఉంటారు మన పెద్దలు. నిజానికి చేసింది అడవి. 25 కోట్ల ఏళ్లకి పూర్వం, పెర్మియన్ కాలంలో గోదావరి లోయ బురదనేలల్లో గ్లాసోప్టెరిస్ అనే చెట్లు దట్టంగా పెరిగాయి. ఆకు నాలుక ఆకారంలో ఉంటుంది, పేరుకి అర్థం కూడా అదే. ఆ అడవులు కుళ్లకుండా కూరుకుపోయి బొగ్గయ్యాయి. విజయవాడలో ఫ్యాన్ తిరుగుతోందంటే అందులో కొంత ఆ ఆకులదే.

ఈ నాలుకాకు ఇండియాలోనే కాదు, దక్షిణ అమెరికా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికాల్లోనూ దొరుకుతుంది. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ మంచులో చనిపోయిన స్కాట్ బృందం దగ్గర దాదాపు 16 కిలోల రాళ్లు దొరికాయి. తిండి లేక, అడుగు తీసి అడుగు వేయలేక ఉన్నప్పుడు కూడా ఆ బరువు వదల్లేదు వాళ్లు. అందులో గ్లాసోప్టెరిస్ ఆకులున్నాయి. ఈ ఖండాలన్నీ ఒకప్పుడు అతుక్కుని ఉండేవనడానికి పెద్ద సాక్ష్యం ఈ ఆకే. ఆ మహాఖండం పేరు గోండ్వానా, మన గోండుల పేరే. బడిలో ఈ మాట చెప్పినప్పుడు పిల్లల మొహాలు ఒక్కసారి వెలుగుతాయి.

రోడ్డు వార లారీల్లోంచి రాలిన ముక్క ఒకటి సిరి ఏరింది. తిప్పి తిప్పి చూశాం. ఆకు అచ్చులు బొగ్గులో కంటే బొగ్గు పొరల మధ్య వచ్చే మెత్తటి పలకరాతిలో బాగా కనబడతాయి. మా ముక్కలో మెరుపు తప్ప ఏమీ లేదు. చేతిరుమాలు మాత్రం నల్లబడింది.

"మరి ఆ చెట్లు ఏమయ్యాయి?" అన్నాడు తమ్ముడు. వాడికి ఆసక్తి పుట్టడం ఆ ట్రిప్పులో అదే మొదలు.

పోయాయి. 25.2 కోట్ల ఏళ్ల కిందట, భూమి మీద ఇప్పటివరకు జరిగినవాటిలోకెల్లా పెద్ద విలుప్తం. సముద్రాల్లోని జాతుల్లో నూటికి తొంభై వరకూ తుడిచిపెట్టుకుపోయాయని లెక్క. సైబీరియాలో లావా లక్షల చదరపు కిలోమీటర్ల మేర పొంగింది. చంపింది లావా ఒక్కటే కాదు. అది పైకొచ్చే దారిలో బొగ్గు పొరల్ని, ఉప్పు పొరల్ని కాల్చింది. ఆ పొగ గాలిలో కలిసి భూమి వేడెక్కింది, సముద్రాల్లో ప్రాణవాయువు తగ్గింది, నీరు పుల్లబడింది. ఆ తర్వాత రాళ్లలో ఒక వింత. దాదాపు కోటి ఏళ్లపాటు ప్రపంచంలో ఎక్కడా బొగ్గు లేదు. బొగ్గు కట్టేంత చిత్తడి అడవి మళ్లీ పెరగడానికి అంతకాలం పట్టింది. భూగర్భశాస్త్రవేత్తలు దాన్ని బొగ్గు ఖాళీ అంటారు.

నాకు ఆ సాయంత్రం తట్టింది ఇదే. ఇన్నేళ్లూ పిల్లలకి శిలాజం అంటే ‘ఉన్నది’ అని చెప్పాను. గవ్వ, ఎముక, ఆకు. విలుప్తం చదవాలంటే ‘లేనిది’ చదవాలి. ఉండాల్సిన చోట లేని పొర. మంచిదే, కానీ దాన్ని ల్యాబ్‌లో ఏ అరలో పెట్టాలి?

చిమ్నీ పొగ పడమటి ఎండలో గులాబీరంగు తిరిగింది. తమ్ముడు కాసేపు దానివంకే చూసి, "అప్పుడు లావా కాల్చింది, ఇప్పుడు మనం కాలుస్తున్నామన్నమాట" అన్నాడు. తర్వాత సెల్‌లో మిర్చి రేట్లు చూసుకున్నాడు.

మూడో రోజు: దేవరపల్లి, గౌరీపట్నం, రాజమండ్రి

తెల్లవారి నాలుగున్నరకి బయల్దేరాం. ఏలూరు దాకా మంచు. దేవరపల్లి దగ్గర పొగాకు చేలు, పొగాకు బేరన్లు. తర్వాత గౌరీపట్నం, కొండ మీద మేరీమాత గుడి. ఆ చుట్టుపక్కల పంగిడి, దుద్దుకూరు దాకా నల్లరాయి క్వారీలు, కంకర మిల్లులు.

మొదటి క్వారీలో గేటు దగ్గరే ఆపేశారు. మేం గనులశాఖ నుంచి వచ్చామనుకున్నారు. శిలాజాల కోసం అంటే అనుమానం ఇంకా పెరిగింది. రెండో చోట మేనేజరు మంచివాడు. "పదకొండుకి బ్లాస్టింగ్ ఉంది, ఎర్రజెండా కట్టేలోపు బయటుండాలి" అని ఒక కుర్రాణ్ణి తోడిచ్చాడు. గోతిలోకి దిగుతూ ఆ కుర్రాడు అడిగాడు: "గుంటూరు నించి వచ్చింది దీనికేనా అండీ? మేం ఈ తెల్లమట్టి వేస్టని అవతల పోస్తున్నామండీ."

గోతి గోడ చూడగానే నాకు నోట మాట రాలేదు. కింద నల్లరాయి. పైన నల్లరాయి. మధ్యలో కొన్ని అడుగుల మందాన లేతరంగు మట్టి, సున్నపు పొరలు. పాఠ్యపుస్తకంలో గీతలు గీసి రంగులు నింపిన బొమ్మ నా ఎదురుగా నిలువుగా నిలబడి ఉంది.

ఆ నల్లరాయి లావా. దక్కన్ లావా. పడమటి కనుమల వైపు పొంగి, ఇంచుమించు వెయ్యి కిలోమీటర్లు నదీలోయల వెంట పారి ఇక్కడ సముద్రతీరానికి చేరింది. మహాబలేశ్వరం ప్రాంతపు లావాతో దీని రసాయనం సరిపోలడం వల్ల అలా తేల్చారు. ప్రపంచంలో తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాల్లో ఇది ఒకటి. కింది లావా పారి ఆగింది. ఆ విరామంలో సముద్రపు పాయలు వచ్చి మట్టి, సున్నం పరిచాయి. తర్వాత మళ్లీ లావా. ఆ మధ్యపొరలోని సూక్ష్మజీవుల గుల్లల్ని భూగర్భశాస్త్రవేత్త గెర్టా కెల్లర్ బృందం పరీక్షించి 2008లో ప్రచురించింది. రాక్షసబల్లులు అంతరించిన 6.6 కోట్ల ఏళ్ల నాటి విలుప్తం అయిన కొద్దికాలానికే పుట్టిన జాతులు అందులో ఉన్నాయి. అంటే ఆ మహావిలుప్తం కింది నల్లరాయికీ ఈ తెల్లమట్టికీ నడుమ ఎక్కడో ఉంది. సిరి అరచేయి ఆ అతుకు మీద ఆనించి చాలాసేపు అలాగే నిలబడింది.

ఏమీ కనిపించదక్కడ. రాక్షసబల్లి ఎముకలు లేవు, కాలిన గుర్తు లేదు. కింద నలుపు, పైన తెలుపు.

దుద్దుకూరు వైపు లావాకి అడుగున ఉండే సున్నపురాయిలో మాత్రం నేను ఇరవై నాలుగేళ్లుగా వెతుక్కోవాల్సినవి దొరికాయి. టరిటెల్లా. మరమేకులా మెలితిరిగిన సన్నటి శంఖాలు, ఒకదాని మీద ఒకటి, గుప్పెళ్లకొద్దీ. ఇవాళ సముద్రం ఎక్కడో నరసాపురం అవతల. అప్పుడు ఇక్కడ అలలు. నేను చెప్పే పాఠంలోని సున్నపురాయి ఇదీ! ఒక విడి ముక్క ఏరుకుని చీరచెంగుకి తుడిచి చూశాను. పాఠం చెప్పేవాళ్లకి ఏడుపొస్తే చెప్పడానికి వేరే మాట ఉండదు, దుమ్ము పడిందన్నాను.

ఎర్రజెండా కట్టారు. బయటికొచ్చేసరికి కారు ముందు టైరు పంక్చరు. కంకర మిల్లుల రోడ్డు కదా. తమ్ముడు జాకీ వేస్తుంటే వెనక క్వారీలో నేల దద్దరిల్లింది. 6.6 కోట్ల ఏళ్లు మిల్లులోకి పోయి హైవేకి కంకరవుతుంది. మేం వచ్చిన రోడ్డు కూడా అదే అయ్యుంటుంది.

గోదావరి దాటి బాబాయిగారింటికి చేరేసరికి రెండు. భోజనంలో పులస గురించి అడిగిన తమ్ముణ్ణి పిన్ని "జనవరిలో పులసేంట్రా" అని మందలించింది. భోజనాలయ్యాక నేను తువ్వాలు మూట విప్పాను. బాబాయిగారు భూతద్దం కూడా తియ్యలేదు.

"డెండ్రైటమ్మా" అన్నారు. "మాంగనీసు."

పగుళ్లలోకి మాంగనీసు, ఇనుము కలిసిన నీళ్లు ఇంకి, ఆరుతూ, చలికాలం కిటికీ అద్దం మీద మంచు రెమ్మలు కట్టినట్టు పెరుగుతాయిట. ఈనెలుండవు, మధ్యనాళం ఉండదు, రెండో వైపు అచ్చు ఉండదు. మొక్క కాదు. ఎన్నడూ కాలేదు.

నేనేమీ అనలేదు. సిరి కూడా, పాపం, నేను చెప్పలేదా అనలేదు.

ఆయనే నవ్వి అన్నారు. "జీవశాస్త్రవేత్త హాల్డేన్ పేరు విన్నావుగా? ఆఖరి రోజుల్లో మన దేశం వచ్చి, మన పౌరుడై, భువనేశ్వర్లో 1964లో పోయాడు. పరిణామం తప్పని ఏం దొరికితే ఒప్పుకుంటావని అడిగితే, ప్రీకేంబ్రియన్ రాతిలో, అంటే కేంబ్రియన్‌కి ముందటి రాతిలో, కుందేలు దొరకాలన్నాడని చెప్తారు. నువ్వు పదిహేనేళ్లకి పైగా ప్రీకేంబ్రియన్ ఫెర్న్‌ని ల్యాబ్‌లో పెట్టుకున్నావు. నిజమై ఉంటే డార్విన్ని ఇంటికి పంపేసేదానివి."

ఇది ఓదార్పో వెక్కిరింతో ఇప్పటికీ తేల్చుకోలేదు. ఒకటి మాత్రం నిజం. వందేళ్లకి పైగా లక్షలకొద్దీ శిలాజాలు తవ్వారు, ఒక్కటీ తన కాలానికి ముందు పొరలో దొరకలేదు. చేపల ముందు కప్పలు లేవు, పాకే జంతువుల ముందు పక్షులు లేవు. నాపరాళ్ల డిపోలో సిరి వేసిన లెక్క అదే.

తర్వాత ఆయన బీరువాలోంచి అట్టపెట్టె తీశారు. వేలెడేసి అట్ట స్లైడులు, మధ్యలో నల్లటి గళ్లు. గళ్లలో ఇసుక రేణువుల్లాంటివి, ఫొరామినిఫెరా. ఏకకణ జీవుల గుల్లలు. బావి తవ్వేటప్పుడు పైకొచ్చే రాతిపొడిలో వీటిని చూసే, ఏ కాలపు పొరలో ఉన్నామో చమురువాళ్లకి చెప్తారు. డైనోసార్ దొరకాలంటే అదృష్టం కావాలి, ఇవి చెంచాడు మట్టిలో వందలుంటాయి. బాబాయిగారు సూక్ష్మదర్శినిలో ముందు ఒక స్లైడు పెట్టారు. విలుప్తానికి ముందువి. పెద్ద పెద్ద గుల్లలు, నగిషీలు, గట్లు, కంకణాలు. పెద్దవంటే మిల్లీమీటరులో సగం అనుకోండి. తర్వాత రెండో స్లైడు. చిన్న చిన్న బోడి గుల్లలు, ఒకే అచ్చులో పోసినట్టు.

"ముందు స్లైడు మా పెళ్లి ఫోటో, ఇది వరద తర్వాత పునరావాస కేంద్రం" అన్నారు.

నేను కళ్లు తియ్యలేదు. పొద్దున క్వారీ గోడలో కనిపించనిది ఇక్కడ ఇంత కొట్టొచ్చినట్టు.

సిరి అసలు ప్రశ్న వేసింది. "తాతయ్యగారూ, రాక్షసబల్లుల్ని చంపింది లావానా, గ్రహశకలమా?"

1980లో శాస్త్రవేత్తలైన ఆల్వరెజ్ తండ్రీకొడుకులు, వాళ్ల సహచరులు ఇటలీలో గుబ్బియో దగ్గర సన్నటి బంకమట్టి పొరలో ఇరీడియం అనే లోహం ఎక్కువగా ఉందని చూపించారు. అది భూమి పైపొరలో అరుదు, ఉల్కల్లో దండి. తర్వాత మెక్సికోలో గ్రహశకలం పడిన చిక్సులూబ్ గొయ్యి గుర్తుపట్టారు, దాదాపు 180 కిలోమీటర్ల వెడల్పు. ఇవాళ ఎక్కువమంది ప్రధాన హంతకుడు అదేనంటారు. దక్కన్ లావా అంతకుముందే మొదలై తర్వాత కూడా సాగింది, దాని వాటా ఎంతనే దాని మీద తగవు తెగలేదు. కెల్లర్‌ది లావా పక్షం. బాబాయిగారు గ్రహశకలం పక్షం. తమ్ముడు మాత్రం పంక్చరు వేయించుకున్న రోషంతో "మన ఊరి లావాని తక్కువ చెయ్యకండి" అన్నాడు.

జాతులు ఒక్కరోజులో పోయాయా, మెల్లగా పోయాయా అన్నది కూడా అంత తేలిగ్గా తెలియదు. ఆయన చెప్పిన పోలిక చక్కగా ఉంది. "మీ తాతయ్య ఆఖరి ఫోటో మీ నాన్న పెళ్లిలోది. అంటే ఆయన ఆ పెళ్లిలోనే పోయాడా? తర్వాత తొమ్మిదేళ్లున్నాడు, ఎవరూ ఫోటో తియ్యలేదు." ఏ జాతికైనా మనకి దొరికేది ఆఖరి ఫోటోనే, చావు తేదీ కాదు. సీలకాంత్ అనే చేప 6.6 కోట్ల ఏళ్ల కిందటే పోయిందనుకున్నారు. 1938లో దక్షిణాఫ్రికాలో వలలో పడింది.

మిగిలినవాళ్ల సంగతి కూడా చెప్పారు. వికారాబాద్ వైపు నస్కల్ దగ్గర లావా పొరల మధ్య మట్టిలో చిన్న చిన్న పళ్లు దొరికితే శాస్త్రవేత్తలు ప్రసాద్, సాహ్ని 1988లో ప్రకటించారు. ఎలుకంత క్షీరదం. డెక్కనోలెస్టిస్ అని పేరు పెట్టారు. రాక్షసబల్లుల కాళ్ల సందుల్లో, ఒకవైపు లావా పారుతుంటే, పురుగులు ఏరుకు తిన్న జీవి. అన్నీ పోయాక ఖాళీ అయిన ఇంట్లోకి అలాంటివాటి బంధువులే చొరబడి గుర్రాలు, తిమింగలాలు, గబ్బిలాలు, మనమూ అయ్యాం.

పిన్ని కాఫీ తెచ్చి, "మన ప్రకాశం జిల్లాలో కూడా ఏదో నిప్పుకోడి గూడు దొరికిందటగా?" అంది. దొరికింది, 2024లో వార్తల్లో వచ్చింది. 41,000 ఏళ్ల నాటి గుడ్ల పెంకులు. అది విలుప్తాల లెక్కలో రాదు, నిన్నటి సంగతి. బాబాయిగారు కప్పు కింద పెట్టి, "నిన్నటివే ముందు చూడాలి" అని ఊరుకున్నారు.

రాత్రి ఎనిమిదికి బయల్దేరాం. ఏలూరు బైపాస్ దాటాక సిరి వెనక సీట్లో నిద్రపోయింది, టరిటెల్లా ముక్క గుప్పిట్లోనే. నేను మనసులో లెక్కవేస్తున్నాను. ఏడాదికి రెండు సెక్షన్లు, సెక్షన్‌కి నలభై మంది. పదిహేనేళ్లకి పన్నెండు వందల మంది. పన్నెండు వందల మందికి లేని ఫెర్న్‌ని చూపించాను.

భోగి

ఇంటికి చేరేసరికి ఒంటిగంట దాటింది. నాలుగింటికి అత్తగారు లేపారు. వాకిట్లో మంట, పిడకల దండలు, పాత తలుపుచెక్క. నాపరాయి వెనకనుంచి అట్టముక్క గోళ్లతో పీకి మంటలో వేశాను. జిగురు గట్టిగా పట్టేసింది, సగమే ఊడింది. ‘పల్నాడు’ అన్నది రాయికే ఉండిపోయింది. అది నిజమే కాబట్టి ఉంచేశాను.

పిల్లల పాత బ్యాచ్‌లవి రెండు మూడు వాట్సాప్ గ్రూపుల్లో నేనున్నాను. పండగ శుభాకాంక్షలతో పాటు సంగతి రాశాను. ఆ రాయి శిలాజం కాదు, మాంగనీసు మరక, ఇన్నేళ్లూ తప్పు చెప్పాను, క్షమించండి అని. రాయి ఫోటో ఒకటి, టరిటెల్లా ఫోటో ఒకటి పెట్టాను. దండాల బొమ్మలు, ముగ్గుల ఫోటోలు వరసగా వచ్చాయి. చాలామందికి రాయే గుర్తులేదు, దాన్ని పగలగొడితే చంపేస్తానన్నది మాత్రం అందరికీ గుర్తుంది.

పదింటికి ఒక మెసేజ్ వచ్చింది. 2011 బ్యాచ్ కుర్రాడు, వెనక బెంచీ. ఎక్కువ మాట్లాడేవాడు కాదు.

"టీచర్, మాది నాపరాళ్ల షాపు కదండీ. చెట్టుబొమ్మ రాళ్లు మా ఇంట్లో బోలెడు. మా నాన్న అది తుప్పు అని ఎప్పుడో చెప్పాడు. మీరు పరీక్షలో అడిగారు. ఫెర్న్ అనే రాశాను. రెండు మార్కులొచ్చాయి."